దండ వేసిన బోర్డు

అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప చదవలేను. అందుకే ఎవరు ఏం రాసిచ్చినా నాకు అనుమానమే. మా ఆయన చనిపోయిన ఏడాది ఎన్ని కాగితాల మీద నా వేలిముద్ర వేయించారో, వాటిలో ఏముందో ఇప్పటికీ తెలియదు. ఇది కూడా నేను చెబుతుంటే ఒకరు రాస్తున్నారు. రాసింది రాసినట్టు చదివి వినిపించమన్నాను, రెండుసార్లు.

ఉక్కునగరం పోయే రోడ్డు పక్కన నాది భోజనాల బండి. మధ్యాహ్నం రెండింటికి ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు మారుతుంది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఆ అరగంటలో వచ్చి తింటేనే మర్నాడు నా పొయ్యి వెలుగుతుంది. నిరుడు వేసవిలో రోడ్డుకు అవతల మా తోటికోడలు కూడా బండి పెట్టి, పెద్ద ఫ్లెక్సీ కట్టింది. వారం తిరిగేసరికి నా చేపల పులుసు సగం గిన్నెలోనే మిగిలిపోసాగింది. రోజూ నా చేతి కూడు తినేవాళ్లు కూడా అటే బైకులు ఆపుతున్నారు. ఇక లాభం లేదు, నాకూ బోర్డు కావాలని కంచరపాలెంలో ఫ్లెక్సీలు వేసే కొట్టుకు వెళ్లాను.

కంప్యూటరు ముందు ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్ల వెనక గోడకు మా తోటికోడలి బోర్డు నమూనా అంటించి ఉంది. ఆ రొయ్యల బొమ్మ నేను రోజూ చూసేదే. అంటే అది వేసిందీ ఈ చెయ్యే. అయినా నాకు కావలసినవి చెప్పాను. చేపల పులుసు, రొయ్యల వేపుడు, కోడికూర, గుడ్డు, పప్పు, చారు, అన్నీ రాయాలి. అమ్మవారి బొమ్మ ఉండాలి. మా ఆయన ఫోటో ఉండాలి. ఎరుపు మీద పచ్చటి అక్షరాలు, వాటి చుట్టూ తీగలు.

ఆ పిల్ల అన్నీ పెట్టింది. పెట్టి, ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది.

"ఏటే గుంటా, పెట్టినవన్నీ పీకేత్తన్నావ్?"

"బైకు మీద పోయేటోడు ఎంతసేపు సూత్తాడు పెద్దమ్మా? ఇన్నుంటే ఏదీ సూడడు. ఎరుపు మీద పచ్చ ఎడితే కళ్లు జిగేలంటాయి గానీ అచ్చరం కనపడదు."

"మరి సుట్టూ ఈ కాళీ ఏటి? గుడ్డ డబ్బులు నావి గదా?"

"నీ కోక సూడు. కోకంతా అంచే ఉంటే దాన్ని అంచని ఎవులైనా అంటారా? సుట్టూ కాళీ ఉంటేనే అచ్చరం అవుపడతాది."

మాట బాగానే ఉంది. మాట బాగున్నవాళ్లంటేనే నాకు భయం. చదువు రాకపోయినా నాకూ ఒకటి కనిపించింది. గుడ్డు, పప్పు రాసిన వరస ఒత్తులు దిగి కింది వరస అక్షరాల నెత్తి మీద కూర్చుంటున్నాయి, రద్దీ బస్సులో ఒకరి కాళ్లు ఒకరు తొక్కినట్టు. అది చూపించాను.

"కళ్లంటే నీవే పెద్దమ్మా!" అని వరసలు దూరం జరిపింది. పొగుడుతోందంటే ఏదో దాస్తోందనుకున్నాను.

"ఇంకోటి. మీ ఆయన పొటో వద్దు. నా మాటిను," అంది.

అక్కడ నాకు తిక్క రేగింది. "ఆ బండి ఆయన సేత్తో కట్టింది. నా మొగుడి పొటో తీసీమని ఆ ఎదర బండిది నీకేటైనా సెప్పిందేటి? పొటో మజ్జిలో ఉండాల. పెద్దగుండాల."

నా దగ్గర ఉన్నది ఒకే ఫోటో. గోడకు దండ వేసి పెట్టుకున్నది. ఆ పిల్ల నేను చెప్పినట్టే చేసిచ్చింది. నడిమధ్య ఆయన, మెడలో దండ, కింద చిన్న అక్షరాల్లో కూరలు.

మర్నాడు కట్టాను. రెండయింది. బైకులు వస్తున్నాయి, నా బండి దగ్గర నెమ్మదిస్తున్నాయి, ముందుకు వెళ్లిపోతున్నాయి. ఒకడైతే దణ్ణం కూడా పెట్టి పోయాడు. రోజూ తినేవాడే గానీ మా ఆయన్ని ఎరగని పెద్దాయన ఒకడు దూరంగా నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవులు పోయారు సెల్లీ? దినం ఎప్పుడు?"

"ఎవులూ పోనేదన్నా! కూడు తిందువు గాని రా!"

"మరా దండేటి? సావు ప్లెక్సీ అనుకున్నాం. సావింట పొయ్యెలిగించరు గదా అనీసి అందరం ఎదరకెల్లిపోతన్నాం."

ఈ ఊళ్లో ఎవరు పోయినా కూడలిలో కట్టేది అలాంటిదే. మధ్యలో దండ వేసిన ఫోటో, కింద చిన్న అక్షరాలు. ఆ అక్షరాలు ఎవరూ చదవరు, చూడగానే సంగతి తెలిసిపోతుంది. చదవలేని నేను కూడా అలాగే కదా తెలుసుకునేది. నాకెందుకు తట్టలేదు? ఆ పిల్లకు మాత్రం తెలుసు. తెలిసీ నన్ను ముంచింది. ఆ మంట మీదే కంచరపాలెం వెళ్లి కేకలేశాను.

"వద్దని సెప్పాను గదా పెద్దమ్మా!"

"ఎందుకొద్దో సెప్పావా?"

"మొగుడు పోయినదానివి. నీ మొకం మీద ఆ మాట ఎలగనీది?"

ఆ పిల్ల మొదట చేసింది దాచి ఉంచిందట, తీసి చూపించింది. పసుపు మీద నల్లగా, లావుగా 'చేపల పులుసు'. చుట్టూ అంతా ఖాళీ. ఒక కాగితం మీద అచ్చు తీయించి కొట్టు బయట అంటించమన్నాను. రోడ్డు దాటి అవతల నుంచి చూశాను. కూడబలుక్కోకుండానే చదివేశాను. అయినా అటు పోతున్న ఇద్దరిని ఆపి చదివించాను. ఇద్దరూ అదే చెప్పారు.

ఇప్పుడు బండికి ఆ బోర్డే ఉంది. దండ వేసినదాన్ని పారేయలేదు, బండికి పైకప్పుగా కట్టాను, బొమ్మ లోపలికి ఉండేలా. ఆయన పైనుంచి పులుసు గిన్నెలోకి చూస్తుంటాడు. బైకులు మళ్లీ నా వైపు ఆగుతున్నాయి. అయినా రోజూ రెండింటికి ముందు రోడ్డు దాటి వెళ్లి నా బోర్డు ఒకసారి చదువుకుంటాను.

"ఏటే, నీ బోర్డు నువ్వే సూసుకుంటన్నావా?" అంటుంది మా తోటికోడలు.

"సూసుకోవాల గదే. నీది రాసిన సెయ్యే నాదీ రాసింది."