మాస్టారు నా చేతికిచ్చిన ఉత్తరం

మా కింది ఇంటి మాస్టారు పోయారు. ఆ సంగతి చెప్పడానికి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను కీటా, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడి, గేటు దగ్గర మా పాప బూట్ల లేసులు కడుతున్నాను.

"తొంభై దాటిన మనిషి కదా. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. హాయిగా వెళ్లిపోయారులే" అన్నాడు.

హాయిగా వెళ్లలేదని నాకొక్కదానికే తెలుసు. ఆ హాయి లేకుండా చేసింది నేనే.

ఇది చదివే మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. ఆయనది పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న దేశం. బడిపంతులు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఊరివాళ్లు ఎన్నికల్లో నిలబెడితే గెలిచి, ముప్పై నిండకుండానే విద్యామంత్రి అయ్యారు. సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూల్చేశాక ప్రాణాలు దక్కించుకుని జర్మనీలోని ఈ హానోవర్ చేరారు. వలస వచ్చినవాళ్లకి జర్మన్ నేర్పుతూ ఇక్కడే ముసలివారయ్యారు. మంత్రిగా ఉన్న రోజుల గురించి అడిగితే, "అవి మధ్యలో వచ్చిన సెలవులు. ముందూ వెనకా నేను టీచర్నే" అనేవారు.

నాకు జర్మన్ వచ్చిందంటే ఆయన చలవే. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా, మెట్ల మీద కనిపిస్తే మాత్రం జర్మన్‌లో పలకరించాలని షరతు పెట్టారు. నేను తడబడితే, "మీ తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుందన్నావుగా? ఇక్కడా చాలాచోట్ల అంతే. సగం దారి ఇంటి దగ్గరే నడిచొచ్చావు, ఇంకా బెదురెందుకు?" అనేవారు. 'మాస్టారు' అన్న మాట నా దగ్గరే నేర్చుకుని, చివరి అక్షరాన్ని సాగదీసి పలుకుతూ మురిసిపోయేవారు. చెత్త పారేయడానికి కిందికి దిగినా ఇస్త్రీ చొక్కాయే. సూపర్‌మార్కెట్ కరపత్రం వచ్చినా పెన్సిల్ పట్టుకుని చదివి, తప్పులు దిద్దిగాని పక్కన పెట్టేవారు కాదు.

కిందటి అక్టోబరులో నన్ను లోపలికి పిలిచి నాలుగు కాగితాలు ఇచ్చారు. చేతులు వణకడంతో అక్షరాలు వంకర్లు తిరిగాయి. కాగితాల వెనక ఒక ఈమెయిల్ చిరునామా ఉంది.

"దీన్ని కంప్యూటర్ మీద కొట్టి పంపాలమ్మాయ్. టీచర్ రాసిన ఉత్తరం చదవడానికి కష్టంగా ఉండకూడదు."

ఎవరికని అడిగాను.

"నా స్నేహితుడికి. ఇద్దరం కలిసి బడి పెట్టాం. నేను మంత్రినయ్యాను, వాడు బడిలోనే ఉన్నాడు. మా పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదని మేం చట్టం తెస్తే, టీచర్లు సమ్మె చేశారు. ఉద్యోగాల్లోంచి తీసెయ్యాల్సినవాళ్ల జాబితా నా బల్ల మీదికొచ్చింది. మొదటి పేరు వాడిదే. సంతకం పెట్టాను. వాణ్ని రెండేళ్లు జైల్లో పెట్టారు."

"ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదు మాస్టారూ?"

"చాలాసార్లు రాశాను. చదువుకుంటే ప్రతిసారీ నేను మంచివాడిలాగే కనిపించేవాణ్ని. చింపేశాను. ఇందులో నన్ను నేను వెనకేసుకు రాలేదు."

ఆ కాగితాలు తెచ్చి సొరుగులో పెట్టాను. పాపకి జ్వరమనీ, ఆఫీసులో గడువులనీ ఏవేవో చెప్పుకోవచ్చు. కానీ అది నలభై నిమిషాల పని. రెండు వారాల తర్వాత మెట్ల దగ్గర "పంపావా?" అని అడిగారు. "పంపాను మాస్టారూ" అనేశాను. సాయంత్రానికల్లా పంపేస్తే అబద్ధం కాకుండా పోతుంది కదా అనుకున్నాను. ఆ సాయంత్రం పంపలేదు. తర్వాత సొరుగు తెరవాలంటేనే సిగ్గేసేది.

ఆయన జవాబు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ప్రతి శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకి మెట్ల మీద నిలబడేవారు. "మాస్టారికి నీతో ఏం పనే?" అని మా ఆయన అడిగితే, "ఏం లేదు, ఊరికే" అన్నాను. మా ఆయనకీ చెప్పలేకపోయాను.

మార్చిలో ఒక శుక్రవారం మాస్టారు అడగలేదు. తనే అన్నారు: "రాయకపోవడం కూడా జవాబే అమ్మాయ్. వాడికి ఆ హక్కుంది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను. "టీ తాగుతారా మాస్టారూ?" అన్న మాట వచ్చింది. వద్దని తలూపి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మరో మూడు వారాలకి పోయారు.

అంత్యక్రియలు అయిన రోజే కూర్చుని ఉత్తరం కొట్టాను. "నువ్వు క్షమించనక్కర్లేదు. చేసింది తప్పని నాకు తెలుసు, ఆ సంగతి నీకు తెలిస్తే చాలు" అన్నది చివరి వాక్యం. ఆలస్యం నాదేనని కింద రాసి, నా ఫోన్ నంబరు పెట్టి పంపాను. మూడోనాడు ఆ స్నేహితుడి కూతురు ఫోన్ చేసింది. ఆవిడా టీచరే, రిటైరయ్యారు.

"నాన్నగారు ఫిబ్రవరిలో పోయారు. ఉత్తరం మీద అక్టోబరు అని ఉందే?" అన్నారు.

జరిగిందంతా చెప్పాను, మాస్టారితో ఆడిన అబద్ధంతో సహా. ఫోన్లో అవతల ఎక్కడో కోళ్ల అరుపులు వినిపిస్తున్నాయి.

"నాన్న క్షమించేవారో లేదో నేను చెప్పలేను. జైలు మాట ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదు. కానీ ఉత్తరం అంది ఉంటే చదివేవారు. ఆ పేరు చెప్పగానే కళ్లజోడు తెమ్మనేవారు. అది మాత్రం చెప్పగలను."

"నన్ను క్షమించండి" అన్నాను.

"అది నేనివ్వగలిగింది కాదమ్మా. ఆ కాగితాలు పంపండి. ఆయన చేతిరాత మా ఇంట్లో ఉండాలి."

మర్నాడు పొద్దున పోస్టాఫీసు తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను.

కాగితాలు అందాయని చెబుతూ ఆవిడ ఒక పాత ఫొటో పంపారు. ఇంకా కప్పు వేయని బడి. ఇద్దరు కుర్రాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి, ఒక పొడవాటి బెంచీని చెరో చివరా పట్టుకుని ఇరుకు గుమ్మంలోంచి లోపలికి తెస్తున్నారు. ముందున్నతను వెనక్కి తిరిగి ఏదో అంటున్నాడు. వెనకున్నది మా మాస్టారు. ఆ మాటకి ఆయన ఎంతలా నవ్వుతున్నారంటే, ఆయన వైపు బెంచీ కిందికి జారిపోతోంది.