బంతికి పెట్టిన కూడు

మే పదిహేడు, ఆదివారం, సాయంత్రం ఐదున్నరకు కడపలో మా కోడుమూరు జట్టు ఫుట్‌బాల్ ఫైనల్ ఓడిపోయింది. చివరి పెనాల్టీని మా అన్న గోల్‌పోస్టు మీదుగా బయటికి తన్నాడు. ఊరు అతనితో మాట మానేసింది.

నిన్న ఒక మిద్దె మీద కాకికి పెట్టిన కూడు చూసినప్పుడు, ఓడిన మూడో రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజు అభిమానులు, మనిషి పోతే చేసినట్టే, అన్న తన్నిన ఆ బంతిని మా ఊరి మైదానంలో పూడ్చి విస్తరిలో కూడు పెట్టారు. అప్పటికి ఏడేళ్లున్న నేను ఆ కూడు అన్న కోసమేనని, కాకి ముడితే అన్న చనిపోతాడని నమ్మాను. గోడ వెనుక నక్కి, వాలబోయిన ప్రతి కాకినీ రాళ్లతో తరిమాను.

"వచ్చే ఏడు కప్పు తెస్తాంలేప్పా, తిను!" అని ఒకరు కాకిని బతిమాలారు.

"ఓడినోళ్ల కూడు కాకికి గూడా వద్దంట!" అని ఇంకొకరు ఎగతాళి చేశారు.

జట్టుకు ఆట నేర్పిన మస్తాన్ తాత, తల వంచుకుని నిలబడ్డ అన్నను చూపాడు. "ఈ పిల్లోని మీద శానా కోపం పెట్టుకోనుండారు. అది పోయిందని సెప్పండ్రా, అప్పుడొస్తాది."

ఒక్కొక్కరే "పోయిందిలేప్పా" అన్నారు. పోయింది కోపమే, అన్న కాదని తెలిసి నేను రాళ్లు జారవిడిచాను. కాకి వాలింది. జనం నవ్వుకుంటూ ఇళ్లకు వెళ్లారు. అన్నకు బాధ తీరిందా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మరునాటి నుంచి ఊరంతా అన్నను పలకరించింది. అన్న మాత్రం మళ్లీ ఎన్నడూ బంతిని తన్నలేదు.