దొరసాని కోసం ప్రార్థన

నాకు నలభై ఎనిమిదేళ్లప్పుడు పెళ్లి చేయాలని చూశారు. ఆ ఏడాదే నా జీవితంలో మొదటి ఇంగ్లీషు నవల చదివాను. రెండూ ఒకే చలికాలంలో మొదలయ్యాయి, రెండూ ఒకే వారంలో తేలిపోయాయి. అందుకని ఒకటి చెప్పాలంటే రెండోది చెప్పక తప్పదు.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. అమ్మ పోయేనాటికి నా కింద నలుగురున్నారు. వాళ్లకు వండిపెట్టి, జడలు వేసి, బడికి పంపి, నేను ఇంట్లో మిగిలిపోయాను. తర్వాత మా ఊరి మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరాను. పక్కలు మార్చడం, బెడ్‌పాన్లు కడగడం నా పని. వార్డుల్లో తిరిగి రోగులకు వాక్యం చదివి వినిపించే ఒక బైబిలమ్మ, నాకు ముప్పై దాటాక, వరండాలో కూర్చోబెట్టి అ ఆలు దిద్దించింది. ఆవిడకు ఓపిక తక్కువ, నాకు బుర్ర తక్కువ. అయినా రెండేళ్లలో వేలు పెట్టుకుని ఒక పేజీ చదవగలిగాను.

ఆఖరి చెల్లెలు నర్సింగ్ చదివి అమెరికా వచ్చింది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో కాపురం పెట్టింది. రెండో బిడ్డ పుట్టగానే నన్ను పిలిపించుకుంది. అది నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలంతా పడుకునేది. మరిది పొద్దున్నే రైలెక్కి సిటీకి పోయేవాడు. పిల్లలు, వంట, బట్టలు నా వంతు. నన్ను ఎవరూ కష్టపెట్టలేదు. కానీ పని పనే.

పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలయ్యాక, లైబ్రరీ కింది గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదవడం నేర్పుతారని తెలిసి వెళ్లాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నేర్పేది. రెండేళ్లు తిరిగాక, లైబ్రరీ వాళ్లు పారేయబోయే పుస్తకాల బల్ల మీంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. అట్ట మీద పొగమంచు, అందులో నల్ల గౌను వేసుకున్న ఆడమనిషి, చేతిలో గొడుగు. "చదువు. ఈమె ఎవరి మాటా వినదు" అంది.

విక్టోరియా రాణి కాలంనాటి లండన్ కథ అది. ఒక పెద్దింటి ముసలాయన మంచంలో చచ్చి పడి ఉంటాడు. పనిమనిషిని పోలీసులు పట్టుకుపోతారు. అప్పుడు ఈ దొరసాని బయల్దేరుతుంది. ముప్పై ఆరేళ్లు, పెళ్లి లేదు, ఇంట్లో మగతోడు లేదు. ఒక్కతే గుర్రబ్బండి ఎక్కుతుంది, ఒక్కతే శవాల గదిలోకి పోతుంది, ఇన్‌స్పెక్టర్ కూర్చోమంటే నిలబడుతుంది. నేను రోజుకు పేజీన్నర చదివేదాన్ని. పిల్లల స్కేలు లైన్ కింద పెట్టుకుని, తెలియని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి, మంగళవారం టీచరమ్మను అడిగేదాన్ని. మొదటి నెలంతా పేజీల నిండా చుక్కలే.

ఒక్కచోట మాత్రం ఎవరినీ అడగకుండానే అర్థమైంది. ముసలాయన మంచం మీద దుప్పటి ఒక మూల ఊడి వేలాడుతోందని రాశారు. ఇరవయ్యేళ్లు పక్కలు వేసినదాన్ని, నాకు తెలుసు. రోజూ పక్క వేసే చేయి మూల వదలదు. చంపినవాడెవడో తర్వాత పక్క సర్ది పోయాడు. దొరసాని ఆ మాట మూడు పేజీల తర్వాత చెప్పింది. ఆ రోజు గిన్నెలు కడుగుతుంటే నడుం నొప్పి తెలియలేదు.

ఇక పెళ్లి సంగతి. మిచిగన్‌లో భార్య పోయినాయన ఒకడున్నాడని, ముగ్గురు పిల్లలని, మన తెలుగు సంఘం మనిషేనని మా చర్చి పాస్టర్ గారు చెల్లెలితో అన్నారు. జనవరి మంచులో ఆయన ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. బూట్లు తడిసి సాక్సులు కూడా తడిశాయి. సోఫా అంచున కూర్చుని కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. ఆ మాట ఇప్పటికీ చెబుతాను.

"పిల్లలకి మీరంటే అలవాటవుతుందండీ" అన్నాడు. "చిన్నదానికి నాలుగేళ్లు. అన్నం తినడానికి గంట పడుతుంది."

"మీరేం వండుతారు?" అని అడిగాను.

"నాకు గుడ్డు వచ్చండి. అంతే." కప్పులోకి చూస్తూ, "నాకు చాలా అలసటగా ఉందండీ" అన్నాడు.

"నాకూ అంతే" అన్నాను.

చెల్లెలు వంటింట్లోంచి నా వైపు ఉరిమి చూసింది. జవాబు ఎప్పుడు చెబుతావని అందరూ అడిగితే నోటికొచ్చింది అనేశాను. ఒక పుస్తకం చదువుతున్నాను, అది అయిపోయాక చెబుతాను అని. మరిది నవ్వాడు. ఆయన నవ్వలేదు. "ఎన్ని పేజీలండీ?" అని అడిగాడు. రెండు వందల నలభై అని చెప్పాను. తల ఊపి లేచాడు.

మా ఆడవాళ్ల సమాజం శనివారం పొద్దున, అమెరికా వాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో కూడేది. ఒక్కొక్కరు లేచి వారంలో దేవుడు చేసిన మేలు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. తర్వాత ఎవరికే కష్టం ఉందో నోటుబుక్కులో రాసి, వారమంతా ఒకరికొకరు ఫోన్ చేసుకుని దాని కోసం ప్రార్థించాలి. చెప్పుకోదగ్గ మేళ్లు నాకు వారానికి ఒకటి చొప్పున దొరికేవి కావు. అందుకని, "ఈ వారం తొమ్మిది పేజీలు చదివాను" అని లేచి, ఆ తొమ్మిది పేజీల కథా చెప్పేశాను. పాస్టర్ గారి భార్య, మా పాస్టరమ్మ గారు, గడియారం చూశారు గానీ ఆపలేదు. మరుసటి వారం ఆడవాళ్లు కాఫీ దగ్గరే అడగడం మొదలుపెట్టారు.

"అక్కా, ఆ పనిపిల్లని జైల్లోంచి వదిలారా?"

"నేనింకా అక్కడికి రాలేదు."

"ఎట్టా చదువుతున్నావక్కా నువ్వు, నత్త నయం."

"నువ్వు చదివి చెప్పు, నేను వింటాను."

అలా నెలలు గడిచాయి. ఏప్రిల్‌లో పాస్టరమ్మ గారు కూతురి పురుటికి ఒహాయో వెళ్లారు. నోటుబుక్కు కొత్తగా వచ్చిన ఒక పెళ్లికూతురి చేతిలో పడింది. ఆ శనివారం ఆ పిల్ల ఆలస్యంగా వచ్చి సగం కథ విన్నది. రెండు రోజుల తర్వాత, వంటింటి గోడకున్న ఫోన్ మోగింది. మా సమాజం ఫోన్ల వరసలో నాకు ముందున్న ఆవిడ.

"అక్కా, ప్రార్థన అంశాలు చెబుతున్నా. ఒకటి, మా బాబు దగ్గు. రెండు, మా ఆయన గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. మూడు, లండన్‌లో ఒక సహోదరి."

"లండన్‌లో మనవాళ్లెవరమ్మా?"

"తెలీదక్కా, నేను పోయిన వారం రాలేదుగా. ఒంటరి మనిషంట. పెళ్లి కాలేదు. ఏదో హత్య కేసులో పోలీసులు వెంటపడుతున్నారంట పాపం. ధైర్యం కోసం, మంచి సంబంధం కోసం ప్రార్థించాలని రాసుంది. మా ఇంట్లో రెండు పూటలా చేస్తున్నాం."

నేను ఉల్లిపాయ కోస్తున్న కత్తి కింద పెట్టాను.

"నాలుగోది మీదే అక్కా. మిచిగన్ సంబంధం కుదరాలని."

"అది రాయమని ఎవరు చెప్పారు?"

"మీ చెల్లెలు గారే."

మూడోది పుస్తకంలోని మనిషని చెబితే, నాలుగోది ఎందుకు రాశారని కూడా అడగాల్సి వస్తుంది. ఓపిక లేక ఫోన్ పెట్టేశాను. ఎనిమిది ఇళ్లలో, భోజనాల ముందు, వందేళ్ల కిందటి దొరసాని కోసమూ నా కోసమూ కలిపి ప్రార్థించారు. ఆ శనివారం నిజం చెప్పేశాను. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. రాసిన పిల్ల మొహం కందిపోయింది. ఒహాయో నుంచి తిరిగొచ్చిన పాస్టరమ్మ గారు నోటుబుక్కు చూసి, "రాసింది రాశారు, ఉండనివ్వండి. కథేదో నిజమేదో దేవుడికి తెలీదా" అన్నారు. అప్పటి నుంచి వాళ్లు ఆ అంశం కొట్టేయలేదు. సగం వేళాకోళం, సగం నిజం.

చివరి పేజీలు నేను కావాలనే నెమ్మదిగా చదివాను. రోజుకు పేజీన్నర పోయి అర పేజీ అయింది. ఆ దొరసాని ఒంటరిగా మిగలాలని నాకుండేది. ఆవిడ మిగిలితే నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇదిగో, ఇలా కూడా బతకొచ్చని పుస్తకమే చెబుతుంది అనుకున్నాను. బడి సెలవులకు రెండు వారాల ముందు, చెల్లెలు పక్క గదిలో నిద్రపోతుండగా, చివరి పేజీ వచ్చింది. హంతకుడు ముసలాయన తమ్ముడు. పనిపిల్ల బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ టోపీ చేతిలో పట్టుకుని అడిగాడు. దొరసాని గొడుగు పక్కన పెట్టి సరే అంది.

తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. తప్పు లేదు.

మంగళవారం టీచరమ్మను అడిగాను, రెండు వందల ముప్పై తొమ్మిది పేజీలు ఎవరి మాటా వినని మనిషిని ఆఖరి పేజీలో ఎందుకిలా చేశారని. అలా ముగిస్తేనే జనం కొంటారు అంది. ఆవిడకు అది పెద్ద విషయం కాదు.

మిగతా వారమంతా ఒకటే ఆలోచించాను. మా సమాజంలో ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నే. చేసుకోలేదు అని చెబితే ఎవరికి తెలుస్తుంది? శనివారం లేచి నిలబడేదాకా అదే చెబుదామనుకున్నాను. కానీ సాక్ష్యం చెప్పే చోట అబద్ధానికి నోరు రాలేదు. చేసుకుందని చెప్పాను.

వాళ్ల సంతోషం చూడాలి. చప్పట్లు కొట్టారు. పాస్టరమ్మ గారు కళ్లు మూసుకుని స్తోత్రం అన్నారు. నోటుబుక్కు రాసిన పిల్ల గర్వంగా అందరి వైపూ చూసింది.

"చూశావా అక్కా, ఆ మొండిమనిషికే కుదిరింది. మరి నీ సంగతి?"

"ఆవిడ చేసుకుంది. నేను చేసుకోను."

"అదేందక్కా. పుస్తకం అయిపోయాక చెబుతానన్నావుగా."

"అయిపోయింది. చెప్పాను."

"ఈ వయసులో ఇంతకంటే మంచోడు వస్తాడా?"

"ఎవరూ రాకూడదనే. నా కింది నలుగురినీ పెంచాను. చెల్లెలి ఇద్దరినీ పెంచాను. ఆయనకి ముగ్గురు, ఆయన్ని కూడా కలిపితే నలుగురు. నా చేతుల్లో సత్తువ లేదు."

"ఆయన్ని కూడా కలిపింది" అని వెనకెవరో నవ్వు ఆపుకున్నారు.

పాస్టరమ్మ గారు మాత్రం నొచ్చుకున్నారు. "ఇంతమందిమి ప్రార్థన చేశాం కదమ్మా."

"ఇద్దరి కోసం చేశారమ్మగారూ. ఒకరిది కుదిరింది. చాలు."

సోమవారం నేనే మిచిగన్‌కు ఫోన్ చేశాను. మధ్యవర్తుల చేత చెప్పించడం నాకిష్టం లేదు. ఆయన విని, "అలాగేనండీ" అన్నాడు. "పాస్టర్ గారికి ఎవరు చెబుతారండీ?" అని అడిగాడు. నేనే చెబుతానన్నాను. ఆ మాటకు ఆయన ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది. చిన్నదానికి అన్నంలో పప్పు బాగా మెదిపి, మీరు తినిపించకుండా పళ్లెం ముందు పెట్టి, మీరు పక్కకు వెళ్లిపొండి, తింటుంది అని చెప్పాను. రాసుకుంటానుండండి అన్నాడు. రాసుకున్నాడు.

చెల్లెలికి ఆ రోజు డ్యూటీ లేదు. నేను ఫోన్ పెట్టేసేదాకా సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది.

"నా వల్లే నీకు పెళ్లి కాలేదంటారక్కా. నన్ను చదివించి నువ్వు మిగిలిపోయావంటారు. ఆ మాట పోవాలని చూశాను."

"అనేవాళ్ల నోళ్ల కోసం నేను మిచిగన్ పోవాలా?"

"కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి మాట్లాడవేంది రెండు నెలల నుంచి?"

"అలసటగా ఉందే. నాకు రోజూ అలసటగానే ఉంటుంది. నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు."

అది గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. గడియారం రెండు దాటింది.

"నేను పడుకుంటాను" అన్నాను. "మూడింటికి పిల్లల బస్సు వస్తుంది. నువ్వెళ్లు."

"నేనా?" అంది. తర్వాత, చిన్నగా, "బస్సు ఎక్కడ ఆగుతుందక్కా?"

మెయిల్‌బాక్సుల దగ్గర అని చెప్పి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.