ఒంటికి పట్టని తిండి

మొన్న ఎలమంచిలిలో పెళ్లి భోజనాల దగ్గర మా బావ మొదటి ముద్దతోపాటు ఒక మాత్ర మింగితే, పక్కన కూర్చున్న చుట్టమొకాయన “సుగరా బావా?” అని అడిగాడు. “కాదు బావా, నెయ్యి అరగడానికి” అన్నాడు మా బావ, నవ్వుతూ. అడిగినాయనకేమీ అర్థం కాలేదు. నాకు మాత్రం కొన్నేళ్ల కిందటి వేసవి గుర్తొచ్చింది.

బావంటే మా అక్క మొగుడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు, కాపురం మల్కాపురంలో. చొక్కా గుండీలు బిగుసుకుపోయేటంత నిండైన మనిషి ఆ వేసవిలో చిక్కిపోవడం మొదలెట్టాడు. తిండి మానేశాడా అంటే అదీ లేదు, ఇద్దరి తిండి తినేవాడు. ఆయన తగ్గేకొద్దీ అక్క వంటలో నూనె పెంచేది. వంజరం చేప వేపుడు, వేడన్నంలో గరిటెడు నెయ్యి, పైన గుడ్డు. అదంతా తిని లేచీ లేవగానే బావ బాత్రూములోకి పరిగెత్తేవాడు. “ఎంతెట్టినా ఒంటికి పట్టట్లేదురా తమ్ముడూ, తిన్నదంతా ఏటవతందో” అని అక్క నా దగ్గర కళ్లొత్తుకునేది. మా బాబాయి ఒకాయన ఇలాగే చిక్కి చిక్కి క్యాన్సరుతో పోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు గానీ, బావ కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ అందరం ఆయన మెడ ఎముకల వైపే చూసేవాళ్లం.

ఒక సాయంత్రం బావా నేనూ బస్సు దిగి రోడ్డు దాటుతున్నాం. ఇంకా కాస్త వెలుగుంది. ఆయిల్ ట్యాంకర్ వస్తుంటే బావ తిన్నగా దాని మీదికే నడిచాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. “ఏటి బావా, కనబడట్లేదా?” అని అరిచాను. రోడ్డు పక్కన కూలబడి అన్నాడు: “పొద్దుగూకితే సూపు ఆనట్లేదురా. మీ అక్కకి సెప్పకు. నైట్ డ్యూటీలు మార్సుకుంటన్నాను. కిందన మనుషులుంటారు కదా, ఆళ్ల మీద బరువు దించేత్తే?”

నేను చెప్పేశాను. మర్నాడే ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. కళ్ల సంగతి చెబితే డాక్టరు విరేచనం గురించి అడిగాడు. “జిడ్డుగా, నీళ్ల మీద తేలుతోందా?” బావ సిగ్గుపడి ఫ్యాను వైపు చూశాడు. “తేలతాదండి. ఎన్ని నీళ్లు కొట్టినా పోదండి” అంది అక్క. స్కానింగు రిపోర్టు వచ్చేదాకా ఆవిడ బావ చెయ్యి వదల్లేదు.

“క్యాన్సరు కాదు. క్లోమంలో రాళ్లు” అన్నాడు డాక్టరు. తర్వాత నిదానంగా వివరించాడు. అన్నంలోని పిండి నోట్లో లాలాజలంతోనే చక్కెరగా విడిపోవడం మొదలవుతుందట. చేపలోని మాంసకృత్తుల పని కడుపులోని ఆమ్లం దగ్గర మొదలవుతుందట. కొవ్వుకి మాత్రం చాలావరకు క్లోమరసమే దిక్కు. రాళ్ల వల్ల ఆ రసం బావ పేగులోకి సరిగా రావట్లేదు. విడిపోని కొవ్వు అలాగే బయటికి పోతోంది. చూపుకి కావలసిన ఎ విటమిను కొవ్వులో కరిగేది కాబట్టి అదీ దాంతోపాటే పోతోంది.

“అయితే నాను పోసిన నెయ్యంతా?” అంది అక్క.

“చాలావరకు పోయిందమ్మా.”

అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ రసం చేసే పనికి మాత్రలిచ్చారు, విటమిన్లు ఇచ్చారు. ముందుగా చూపు తేరుకుంది. ఒక సాయంత్రం డాబా మీద నిలబడి, సముద్రంలో ఆగి ఉన్న ఓడల దీపాలు బావ ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తుంటే, అక్క కిందికి వెళ్లిపోయింది. వంటింట్లో కొళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒళ్లు రావడానికి మాత్రం బాగా ఆలస్యమైంది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదన్నారు, ముందు ముందు షుగరు కూడా రావచ్చన్నారు. అందుకే ఇప్పటికీ ఆయన కాస్త తక్కువ తింటే అక్క ముఖం మారిపోతుంది. ఆ రోజుల్లో ఒక పూట గడిస్తే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు ఏళ్లు మాకు చెప్పకుండానే వెళ్లిపోతున్నాయి. అలా చెప్పకుండా వెళ్లే కాలమే మంచి కాలమని నాకిప్పుడు అనిపిస్తుంది.