ముందుకు పోనివ్వని డిస్క్

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే ఆమెకి కోపం త్వరగా రాదు. వచ్చిందంటే మాత్రం త్వరగా పోదు. మొగుడు పోయిన వారంలోనే బావగారు, అంటే మొగుడి అన్న, పలకరించడానికి వచ్చినవాళ్ళ ముందు ఒక మాట అన్నాడు. "ఉన్నన్నాళ్ళూ మెళ్ళో కెమెరా తగిలించుకుని తిరిగాడు. ఏం మిగిల్చాడు చెప్పండి?" పక్కగదిలో ఉన్న ఆమె చెవిన ఆ మాట పడింది. ఆమె కళ్ళు తుడుచుకుని ఊరుకుంది గానీ, మరిచిపోయిందనుకుంటే మన పొరపాటే.

ఏం మిగిల్చాడో తెలియాలంటే ఆ పెద్దమనిషి తన హాలు గోడలు చూసుకుంటే చాలు. పెళ్ళి, పుట్టినరోజు, ప్రమోషన్, కొత్త కారు, అన్నీ అద్దాల ఫ్రేముల్లో వేలాడుతుంటాయి. ఒక్కదాంట్లోనూ తమ్ముడు లేడు. అవన్నీ తీసింది తమ్ముడే మరి! ఇంటిల్లిపాదీ అతన్ని "కెమెరా" అనే పిలిచేవాళ్ళు. వీడియో తీస్తున్నంతసేపూ పెదవి విప్పేవాడు కాదు. తన గొంతు పడితే చూసేవాళ్ళకి అడ్డమని చేత్తో సైగలు చేసేవాడు. అందుకే అన్ని టేపుల్లోనూ అతని మొహమూ లేదు, మాటా లేదు. పోయాక అత్తగారు కొడుకు ఫోటో అడిగితే, గుర్తింపు కార్డు మీది తపాలా బిళ్ళంత బొమ్మ తప్ప ఇంకోటి దొరకలేదు.

ఆ బావగారే ఒకరోజు ఫోన్ చేశాడు. "రిటైరవుతున్నానమ్మా. ఆఫీసువాళ్ళూ, చుట్టాలూ ఇంటికొస్తారు. వాడి టేపుల్లోంచి నావన్నీ ఏరి ఒక డిస్క్ చేసిపెట్టు. టీవీలో వేసి చూపిద్దాం."

"దానికేం బావగారూ, అలాగే," అంది ఆమె. ఆ గొంతులో మర్యాద వింటే మీరూ నేనూ కూడా మోసపోయేవాళ్ళమే.

టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆషామాషీ పని కాదు. టేపు ఎంతసేపుంటే అంతసేపూ ఆడించాల్సిందే. దుకాణం నుంచి రాగానే ఒకటి పెట్టుకుని, కూరలు తరుగుతూ చూసేది. బావగారి కూతురి పుట్టినరోజు టేపు చివర్లో బొమ్మ గిర్రున తిరిగి నేల మీదికి పడింది. మొగుడు ఫోటో కెమెరా అందుకుంటూ, వీడియో కెమెరా ఆపాననుకుని మెళ్ళో వేలాడేసుకున్నాడు. అది ఆగలేదు. కుర్చీ కాళ్ళు, చెప్పులు, బల్లగుడ్డ అంచు కనిపిస్తున్నాయి. మాటలన్నీ పడుతున్నాయి. ఆమె కత్తిపీట పక్కకు జరిపి విన్నది. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది. బావగారికి ఏం కానుక ఇవ్వాలో అప్పుడే తేలిపోయింది.

కానీ ఆ ముక్క డిస్కులో పెట్టినంతమాత్రాన ఆయన వినాలిగా? రిమోట్ చేతిలో లేకపోతే ఆయనకి తోచదు. టీవీలో తనది కాని ముక్క రాగానే ముందుకు పరిగెత్తిస్తాడు. కాబట్టి ఆమె డిస్క్ చేసే సాఫ్ట్‌వేర్ వెతికింది అందం కోసం కాదు.

మొదట ఉచితంగా వచ్చేది చూసింది. అది ప్రతి మొహం మీదా తన పేరు అడ్డంగా అచ్చేసింది. ఊరికే వచ్చేవాటి తీరే అంత. రెండోదాంట్లో మెనూకి పూలు, తెరలు, ఎగిరే పావురాలు ఉన్నాయి, నెలనెలా అద్దె కట్టాలట. పావురాలకి అద్దె కట్టే స్తోమత ఆమెకి లేదు. మూడోది చూడ్డానికి గవర్నమెంటు ఫారంలా ఉంది, చవకగా ఒక్కసారి కొనుక్కుంటే సరిపోతుంది. దాని సెట్టింగుల్లో ఒక మూల చిన్న చిన్న గళ్ళున్నాయి. ఏ భాగంలో రిమోట్ మీద ఏ మీట పనిచెయ్యాలో, ఏది చెయ్యకూడదో అక్కడ టిక్కు పెట్టుకోవచ్చు. ముందుకు పోవడం, తర్వాతి భాగం, ఆపడం, మూడూ ఆమె మూసేసింది. వెనక్కి పోయే మీట ఒక్కటే వదిలింది, అదీ భాగం మొదటికే. ఆ సాయంత్రం చాలాకాలానికి ఆమె కడుపునిండా తిన్నది.

బావగారింట్లోని పాత ప్లేయర్ మారాం చెయ్యకుండా నెమ్మది వేగంలో డిస్క్ రాసింది. మొదటిది పాడైంది. రెండోది పక్కింటివాళ్ళ ప్లేయర్‌లో వేసి, రిమోట్ మీటలన్నీ నొక్కి చూసుకుంది.

రిటైర్‌మెంట్ రోజు హాలు కిటకిటలాడింది. అత్తగారిని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. బావగారు సన్మానం అందుకుంటున్న ముక్కకి చప్పట్లు మోగాయి. ఆ వెంటనే తెర మీద నేల కనబడింది.

"ఇదేంటమ్మా, కెమెరా కింద పడిందా?" అని నవ్వి, బావగారు మీట నొక్కాడు. బొమ్మ ముందుకు పోలేదు. ఇంకోటి నొక్కాడు.

తెరలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఒరేయ్ చిన్నోడా, నువ్వూ రా ఫోటోలోకి."

వెంటనే బావగారి గొంతు. "వాడెందుకమ్మా! వాడి మొహం పడితే ఫోటో అంతా పాడవుతుంది. పనివాడిలా ఉంటాడు. అక్కడే నిలబడనీ." నవ్వులు వినిపించాయి.

ఆ తర్వాత తమ్ముడి గొంతు, మెల్లగా. "సరే అన్నయ్యా. అందరూ కొంచెం దగ్గరికి జరగండి. అమ్మా, నువ్వు కాస్త వెలుగులోకి రా, నీ మొహం కనపడట్లేదు."

బావగారు రిమోట్ మీటలు నొక్కుతూనే ఉన్నాడు. చివరికి టీవీ స్విచ్ కోసం లేచాడు.

"ఆపావంటే చూడు!" అంది అత్తగారు. "అది నా చిన్నోడి గొంతు. మళ్ళీ పెట్టు."

వెనక్కి మీట నొక్కితే ఆ భాగం మొదటినుంచే మొదలవుతుంది. అంటే ముందు బావగారి మాటలు రావాలి, తర్వాతే తమ్ముడివి. ఆఫీసువాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. అత్తగారు మళ్ళీ పెట్టమంది, పెట్టాడు. చుట్టాలు ఒక్కొక్కరే పనులు గుర్తుచేసుకుని వెళ్ళిపోయారు. అత్తగారు మళ్ళీ అడిగింది.

చివరికి బావగారు వంటింట్లోకి వచ్చాడు. మరదలి మొహం చూడలేక సింకు వైపు చూస్తూ అన్నాడు. "అమ్మాయ్, అమ్మ దీన్ని రోజూ పెట్టమంటుంది. నా మాటలు తీసేసి, వాడి మాట ఒక్కటీ వేరే డిస్కులో వేసిస్తావా? నీకు పుణ్యముంటుంది."

అది చిటికెలో పని. అలా వేసిన డిస్క్ ఒకటి అప్పటికే ఆమె ఇంట్లో ఉంది, పడుకునే ముందు దాన్నే పెట్టుకుంటోంది. అత్తగారిని తలుచుకుంటే జాలేసింది. కానీ ఆ జాలి చాల్లేదు.

"కుదరదు బావగారూ," అంది చెయ్యి తుడుచుకుంటూ. "ఆ సాఫ్ట్‌వేర్‌లో అలా తీయడానికి రాదు."

హాల్లోంచి అత్తగారు పిలిచింది. "ఒరేయ్ పెద్దోడా, ఎక్కడున్నావ్? మళ్ళీ పెట్టరా."

ఆయన వెళ్ళి పెట్టాడు.