సూర్యుడి నిజాంలో ఆఖరి వాటా

సన్మాన సభల్లో గురువును బృహస్పతి అంటారు. శాలువా చేతిలోకి తీసుకున్నవాడు ఆ ముక్క అనకుండా దాన్ని కప్పడు. రామచంద్రం సారు ముందు ఎవరైనా అలా అంటే, "లెక్క తప్పిండ్రు. బృహస్పతి అయిదోది. నాది తొమ్మిదోది" అనేవాడు. ఎందుకో అడిగినా అడగకున్నా చెప్పేవాడు. తన పరువు తీసే ఈ కథ చెప్పడంలో ఉన్న హుషారు ఆయనకు పాఠం చెప్పడంలో లేదని భార్య శ్యామలమ్మ అభిప్రాయం.

ఆయనది నకిరేకల్‌లో మగ్గం నేసే ఇల్లు. ఉర్దూలో చదివితే సర్కారు నౌకరి గ్యారంటీ అని తండ్రి ఉర్దూ బడిలో వేశాడు. కొడుకు చదువు పూర్తయ్యేసరికి సర్కారే మారిపోయింది. ఎలాగో కట్టంగూర్ మిడిల్ స్కూల్లో సైన్సు సారయ్యాడు, అదీ తాత్కాలికంగా. ఏడేళ్లు గడిచినా నౌకరి ఖాయం కాలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని "పనికొస్తాడు" అని రాస్తే ఖాయం; రాయకపోతే మళ్లీ మగ్గం గుంట. ఆ గుంటలో తన కాళ్లు ఎంత అసహ్యంగా ఆడతాయో తండ్రి చెప్పగా విన్నవాడు కాబట్టి, ఆ రాతమీదే ఆయన ప్రాణం ఉంది.

చిక్కల్లా తెలుగులో పాఠం చెప్పాల్సి రావడంతో వచ్చింది. ఆకాశమంతా ఆయన తలలో ఉర్దూలో ఉంది. సయ్యారా అంటే తెలుగులో గ్రహం అని పుస్తకం చెప్పింది. ఆయనెరిగిన గ్రహం మనుషులను పట్టేది, డబ్బు తీసుకుని ఎవరో వదిలించేది. అయినా పుస్తకాన్ని నమ్మి, "పిల్లలూ, మనమందరం ఒక గ్రహం మీదున్నం" అని పాఠం మొదలుపెట్టాడు. మర్నాడు ముగ్గురు పిల్లలు తాయెత్తులతో వచ్చారు.

అంతకంటే మొండిది ఇంకో మాట. సూర్యుడూ, చుట్టూ తిరిగేవన్నీ కలిపి ఉర్దూలో 'నిజామే షమ్సీ'. నిజాం అంటే ఏర్పాటు, వరస అని అర్థం. తెలుగులో సౌరకుటుంబం. ఆ మాట నోటికి పట్టించే బాధ్యత శ్యామలమ్మ తీసుకుంది. ఆమె మగ్గానికి నూలు కండెలు చుడుతూ అడిగేది, ఆయన అరుగుమీద కూర్చుని అప్పజెప్పేవాడు.

"సూర్యుడు, వాని పిల్లలు, గదంత ఏంది?"

"నిజామే..."

"నీ నిజాం పోయి తొమ్మిదేండ్లాయె. సౌరకుటుంబం అను."

"సౌరకుటుంబం."

"గిదే మాట ఇన్‌స్పెక్టరు ముందట యాదికి రావాలె."

ఒక్క ప్లూటో దగ్గర మాత్రం ఆయనకు నోరు తడబడేది కాదు. తెలుగు పుస్తకంలో దానికి రెండే వాక్యాలు. ఆయన చదివిన ఉర్దూ పుస్తకంలో రెండు పేజీలు. సూర్యుడికి మూడువందల అరవై కోట్ల మైళ్ల అవతల, మంచుకంటే చల్లగా ఉంటుంది. అక్కడినుంచి సూర్యుడు బాగా వెలిగే చుక్కలా కనిపిస్తాడు. ఒక్క చుట్టు తిరగడానికి రెండువందల నలభైయెనిమిదేళ్లు. 1930లో దొరికితే, ఇంగ్లండులో పదకొండేళ్ల పిల్ల దానికి పాతాళ దేవుడి పేరు పెడితే బాగుంటుందంది. పెద్దలు ఒప్పుకున్నారు. పెద్దలు పిల్లల మాట విన్నారన్న సంగతే క్లాసులో ఎవరూ నమ్మలేదు.

1957 డిసెంబరులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తానుంచి బదిలీమీద వచ్చిన మనిషి, ఇస్త్రీ మడత నలగనివాడు. రామచంద్రం బోర్డుమీద నిండు సున్నాలా సూర్యుణ్ణి గీసి, చుట్టూ తొమ్మిది గీతలు తిప్పి, వెనక్కి తిరిగి, నిండు గొంతుతో అన్నాడు:

"ఇదంతా సూర్యుడి నిజాం."

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాకు కబురే రాలేదు మాస్టారూ. సూర్యుణ్ణి కూడా ఆయనే ఏలుతున్నాడా?"

సరైన మాట రామచంద్రానికి గుర్తురాలేదు. శ్యామలమ్మ చేతిలో తిరిగే కండె మాత్రం గుర్తొచ్చింది. సారు సంగతి తేలిపోయిందనుకుని ఇన్‌స్పెక్టరు పిల్లలవైపు తిరిగాడు. చివరి వరసలో కూర్చున్న గొర్లకాపరి కొడుకు బీరప్పను లేపాడు.

"అన్నిటికన్నా దూరంగా ఉన్నదేదిరా?"

"ప్లూటో సార్. గది పాతాళం దేవుని పేరు. ముగ్గురన్నదమ్ములు పాలు పంచుకున్నరు. పెద్దాయన ఆకాశం తీస్కున్నడు. నడిపాయన నీళ్లన్ని తీస్కున్నడు. చిన్నాయనకు మన్నుకింద చీకటి మిగిలింది."

"అన్యాయం కదూ?"

"మా బాపు గూడ చిన్నోడే సార్. మాకు గుట్ట వచ్చింది."

ఇన్‌స్పెక్టరు మొహంలో మడత నలిగింది. బీరప్ప ఇంకా కూర్చోలేదు. "భూమిలున్న బంగారమంత చిన్నాయనదేనని సార్ చెప్పిండు. మా గుట్టల ఇంక దొరకలే."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. నవ్వుతూనే ఏదో రాసుకున్నాడు. ఆయన ఏం రాశాడో తెలియక రామచంద్రం అయిదు నెలలు సరిగా తినలేదు. మే నెలలో కాగితం వచ్చింది. 'విషయం పిల్లల బుర్రకెక్కించగలడు. భాషలో పాత ప్రభుత్వం కొనసాగుతున్నది. ఉద్యోగం ఖాయం చేయవచ్చును.' కింద ఇంకో వాక్యం: అచ్చంపేట దాటి, అడవి అంచున, బస్సు పోని ఊరి బడికి బదిలీ.

తోటి సార్లు పరామర్శకు వచ్చారు. రామచంద్రం మాత్రం, "ఆకాశం, నీళ్లు సీనియర్లు పంచుకున్నరు. నాకు న్యాయంగ రావాల్సిన వాటానే వచ్చింది" అన్నాడు.

శ్యామలమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది. "మరి రెండువందల నలభైయెనిమిదేండ్లకోసారి ఇంటికొస్తవా ఏంది? నేను గూడ వస్త" అంది. కండెల బుట్ట మూట కట్టింది.

బయల్దేరే రోజు బీరప్ప తండ్రి సిద్దిరాములు కొత్త గొంగడి పట్టుకొచ్చాడు. "ప్లూటోకు పంపుతున్నరంటగద సారూ. గాడ చలి మస్తుంటదని మా పోరడు ఒకటే పోరు."

కాదు, అచ్చంపేటకని చెప్పడానికి రామచంద్రం నోరు తెరిచాడు. తన పాఠాన్ని అంతగా నమ్మినవాడు జీవితంలో మళ్లీ దొరకడని తోచి నోరు మూసుకుని, గొంగడి భుజాన వేసుకున్నాడు.

జడ్చర్లలో బస్సు మారేటప్పటికి మిట్టమధ్యాహ్నం. రోడ్డుమీద తారు చెప్పులకంటుకుంటోంది. కండక్టరు ఆయన భుజంవైపు చూసి, "ఎండల గొంగడేంది సారూ?" అన్నాడు.

"సూర్యునికి జర దూరం పోతున్నం" అన్నాడు రామచంద్రం.

శ్యామలమ్మ కండెల బుట్ట ఒళ్లో పెట్టుకుని కండక్టరుతో చెప్పింది: "మొన్ననే నౌకరి ఖాయమైంది. పిచ్చి గూడ."