ఒక్క బెల్లు

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. ఇది నాకు జరిగింది. అయితే ముందే ఒక మాట. నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. పెంచిన చోట నేనే ఒప్పుకుంటాను. ఒప్పుకోని చోటల్లా జరిగింది జరిగినట్టే అనుకోండి.

తొంభైల్లో సంగతి. ఆత్మకూరులో ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చుట్టాను. దగ్గరి చూపు మందగించాక మానేసి మా ఉదయగిరికి వచ్చేశాను. వచ్చిన ఏడాదికే మా ఆవిడ మార్తమ్మ పోయింది. పిల్లలు లేరు. వరస ఇళ్లలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి.

మా చర్చి ఆవరణలో ఒక పాత వ్యాను ఉండేది. ఎప్పుడో దొరగారూ దొరసానీ అందులోనే కాపురం ఉంటూ ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాళ్లట. లోపల రెండు పడకలు, నీళ్ల తొట్టి, స్టవ్వు పెట్టుకునే బల్ల. వాళ్లు వెళ్లిపోయాక అది కోళ్లగూడైంది. నేను కోళ్లను తోలాను. ఎలకలు కొరికిన వైర్లు తీసేసి కొత్తవి లాగాను. టాపు మీద రెండు పాత సోలార్ పలకలు బిగించాను. కింద లారీ బ్యాటరీ ఒకటి. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. మోటార్లు చుట్టినవాడికి వ్యాను ఒక లెక్కా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కమిటీవాళ్లు దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. కమిటీ సెక్రటరీ ఏసోబు, రిటైరైన మాస్టారు, నా చిన్ననాటి జతగాడు. పోయి వాడి కాళ్లు పట్టుకున్నాను... లేదులెండి. పోయి వాడి కాఫీ తాగాను.

"ఏందిరా దేవదానం, ఆ డొక్కులో కాపురం ఉంటావా? పాములు గూడా ఖాళీ చేసి పోయినాయి గదరా!" అన్నాడు.

"పాములకు వైరింగు రాదు. నాకొచ్చు."

"అవునవును. నువ్వు చుట్టిన మా ఇంటి ఫ్యాను ఎనక్కి తిరగతా ఉండాది. గాలంతా మిద్దెకే."

"రెండు వైర్లు మార్చి తగిలిస్తే ముందుకి తిరగతాది. దానికింత రాద్ధాంతమేందిరా?"

వాడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే ఇను. సీతారామపురం పక్క పల్లెల్లో కూటాలు పెట్టేదానికి బండి అయితే కావాల. ఆడ కరెంటు ఎప్పుడుంటాదో దేవుడికే ఎరిక. నువ్వొక్కడివే ఆడ ఒక రాత్రి ఉండు. ఇంజిను ఎయ్యగూడదు. తెల్లార్లూ లైటు వెలగాల. పొద్దున్నే మొదటి బస్సుకు నేనొస్తా. వెలగతా ఉంటే బండి నీ దగ్గరే ఉంటాది, దాంట్లోనే ఉండు. ఆరిపోయుంటే పాతసామాన్లోడికే. మళ్లీ నా కాడికి రావద్దు."

అద్దె మిగులుతుందిరా అని వాడితో చెప్పాను. అబద్ధం. అసలు సంగతి వేరు. రాత్రి అన్నం తిన్నాక నేను మార్తమ్మతో మాట్లాడతాను. పైకే. ఆ రోజు ఎవరు కనపడ్డారు, ఏం కూర వండాను, ఇలాంటివే. వరస ఇళ్లలో గోడలు పలచన. ఒకరోజు నేను మాట్లాడుతుంటే గోడ అవతల నుంచి ఎవరో ఆడగొంతు పెట్టి "ఊఁ" కొట్టారు. తర్వాత ఒకటే నవ్వులు. ఆనాటి నుంచి పెళ్లాంతో గుసగుసగా మాట్లాడాల్సి వచ్చింది. నాకు గొంతు విప్పుకునే చోటు కావాలి. అంతే.

వ్యాను తోలుకుని పోయాను. సీతారామపురం దాటి, ఒక చెరువు కట్ట కింద ఆపాను. పొద్దు కొండ వెనక్కి దిగింది. బల్బు వేశాను. తెల్లగా వెలిగింది. ఆ లెక్కన బ్యాటరీ రెండు రాత్రులైనా రావాలి. అన్నం తిన్నాను. వెనక పడక మీద వెల్లకిలా పడుకుని మార్తమ్మకు ఏసోబు ఫ్యాను సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఎన్నాళ్లకో పెద్ద గొంతుతో...

అర్ధరాత్రి పన్నెండైంది. తెల్లచీర ఒకటి కిటికీలో...

ఆగండి. తొమ్మిది దాటి ఉంటుందేమో. చీర కాదు, నేను ఆరేసుకున్న పంచె. పన్నెండూ చీరా లేకపోతే ఉదయగిరిలో ఎవడూ వినడు, అందుకని కలిపాను. ఇక కలపను.

బల్బు తెల్లగా లేదు. పసుపుగా ఉంది. చూస్తుండగానే... ఇంకాస్త పసుపు. పిత్తపరిగె అంత దీపానికి బ్యాటరీ ఎందుకు తగ్గుతోంది? నేను మాత్రం మాటలు ఆపలేదు. మాట్లాడుతూనే ఉన్నాను. భయమేస్తే నేను ఎక్కువ మాట్లాడతాను.

అప్పుడు...

ట్రింగ్.

ఒక్కటే. ముందు డ్రైవరు సీటు దగ్గర.

అక్కడ ఒక బెల్లు ఉంది. వెనక పడుకున్న దొరసాని డ్రైవరును పిలవడానికి పెట్టించుకున్నది. మన బస్సుల్లో కండక్టరు కొట్టే లెక్కే. ఒక్క బెల్లు కొడితే ఆపమని. రెండు కొడితే పొమ్మని. దాని బటను వెనక పడక దగ్గరే, నా తలగడ పక్కనే ఉంది. నా రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. పైగా ఆ బెల్లు వైరు... పనికిరానిదని ఆ మధ్యాహ్నమే కటింగ్ ప్లేయరుతో కోసి పారేశాను.

నోరు మూతపడింది. చెరువులో కప్పలు అరుస్తున్నాయి. ఎక్కడో నీటిచుక్క... తొట్టి కొళాయి నుంచి. టప్... టప్...

ట్రింగ్.

మళ్లీ ఒక్కటే.

నూరుసార్లు మోగిందని చెప్పేవాణ్ణి. రెండుసార్లే. కానీ ఆ రెండోది ఉందే... పొడుగ్గా ఉంది. ఎవరో విసుక్కుని నొక్కినట్టు.

ఆపమంటోంది. ఏం ఆపాలి? ఇంజిను నడవడం లేదు. రేడియో లేదు. నడుస్తున్నదల్లా నా నోరొక్కటే, అదీ ఆగింది. ఇంకేం నడుస్తోంది ఈ బండిలో? లేచాను. ముందుకు పోయే ధైర్యం లేదు. టార్చి వేసి అటూ ఇటూ చూశాను. గోడకు నేను బిగించిన మీటరు కనపడింది. పలకల నుంచి కరెంటు వస్తే దాని ముల్లు కుడికి పోతుంది. రాత్రిపూట ఏమీ రాదు కాబట్టి నడిమధ్యన ఉండాలి.

ముల్లు ఎడమకు ఉంది.

అంటే నడుస్తోంది. బ్యాటరీలోంచి కరెంటు పలకల్లోకి వెనక్కి పోతోంది. పగలు ఇచ్చినదాన్ని పలకలు రాత్రి తాగేస్తున్నాయి. కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న ముక్క ఒకటుంటుంది, డయోడ్ అంటారు. దాన్ని మధ్యలో పెట్టాలి. నేను పెట్టలేదు. మోటార్లవాణ్ణి కదా... వెనక్కి తిరిగితే రెండు వైర్లు మార్చుకుందాంలే అనే బుద్ధి. వెనక్కి పోతే తిరిగి రాదనేది నాకు తట్టలేదు.

పలకల వైరు పీకేశాను. ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. బల్బు ఇక తగ్గలేదు.

వెంటనే రెండు బెల్లులు మోగాయని, రైట్ రైట్ అన్నట్టు వినపడిందని అందరికీ చెప్పాను. కథ అక్కడ ఆపితే బాగుంటుంది. కానీ మోగలేదు. ఎంతసేపు కూర్చున్నా మోగలేదు.

తెల్లారింది. మొదటి బస్సు దిగి ఏసోబు వచ్చాడు. మసక పసుపుగానైనా బల్బు వెలుగుతోంది. వాడు దాన్ని చూసి, నన్ను చూసి, "ఏందిరా, ముఖం అట్టుండాది? దయ్యం పట్టిందా?" అన్నాడు.

"బెల్లు మోగిందిరా. వైరు కోసినాను, అయినా మోగింది."

"యాడ కోసినావు, చూపించు."

చూపించలేకపోయాను. పాత వైర్లన్నీ ఒకటే రంగుకు వెలిసిపోయి ఉన్నాయి. కోసినవి పది కొసలు వేలాడుతున్నాయి. వాడు డ్రైవరు సీట్లోకి ఎక్కి హారన్ నొక్కాడు. సడి లేదు. పడీపడీ నవ్వాడు. "ఓరి నీ వైండింగు తగలెయ్య! నువ్వు కోసింది హారన్ వైరురా!"

కావచ్చు. వెనక్కి పోయి తలగడ పక్కన బటను నొక్కాను. ఒకసారి, పదిసార్లు. బెల్లు మోగలేదు. మరి రెండూ కోశానా? బటనే పాడైందా? నాకు తెలియదు.

వ్యాను నాకు దక్కింది. ఆ రాత్రి చర్చి వెనక దాన్ని ఆపి, అన్నం తిని, పడుకున్నాను. చుట్టూ గోడలు లేవు. వినేవాళ్లు లేరు. ఎంత గొంతైనా పెట్టుకోవచ్చు. "మార్తా, ఇల్లు దొరికిందే..." అన్నాను.

ట్రింగ్.

ఒక్కటి.

మీటరు చూశాను. ముల్లు మధ్యనే ఉంది. ఏ వైరూ వేడిగా లేదు. నడుస్తున్నది ఏదీ లేదు.

ఇది ఏసోబుకు కూడా చెప్పలేదు. దీంట్లో ఏమీ కలపలేదు. మార్తతో మొదలుపెట్టిన మాట అక్కడే ఆగిపోయింది, మళ్లీ ఎత్తలేదు. ఆపమన్నది దాన్నేనో, ఇంకేదైనానో... ఎవరు ఆపమన్నారో... నాకు తెలియదు. ఆ వ్యానులోనే ఉంటున్నాను. రాత్రిళ్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.